పొర

పదకొండో అంతస్తు, శిక్షణ గది.
తెల్లబట్ట పరిచిన బల్ల మీద మూడు గ్లాసులు.
మూడింట్లోనూ అదే ఎరుపు,
చూడ్డానికి ఒక తల్లి పిల్లలు.

"ద్రాక్ష ఒకటే," అంది ఖుర్షీద్ మేడమ్,
"గమే దాని పేరు. బోజొలే అంతా దాదాపు అదే.
ఫ్లూరీ నుంచి మోర్గొన్‌కి సైకిలు మీద పోవచ్చు.
చెమట పట్టేలోపు ఊరు మారుతుంది,
ఊరితో రుచీ మారుతుంది."

ఎందుకు మారుతుందని
ముందు వరసలో పిల్ల చెయ్యెత్తింది.
మేడమ్ వేలితో నేలను చూపించింది,
పదకొండు అంతస్తుల కింద ఉన్న నేలను.

ఫ్లూరీ కింద గులాబీ గ్రానైటు, ఇసకై రాలేది.
అందుకే పెట్టెలోంచి తీసిన చీర మడతలా
ఎక్కడో పూలవాసన.
మోర్గొన్ కింద మాగిపోయిన రాయి,
చేత్తో నలిపితే నలిగేది.
అందుకే చెర్రీ గింజ కొరికినట్టు, కాస్త మొండి.
మూలాఁ వాఁ మట్టిలో మాంగనీసు,
తీగకి ఒంటికి పడని తిండి.
కష్టపడ్డ తీగ పదేళ్ళు ఆగి గాని మాట్లాడదట.

నేను అన్నీ రాసుకున్నాను.
బ్యాడ్జి మీద ఐలేష్. ఇంటిపేరు దండుగుల,
దానికి బ్యాడ్జి మీద చోటు చాల్లేదు.
రాళ్ళు కొట్టే ఇంట్లో పుట్టినవాడికి
గ్రానైటు గురించి ఫ్రాన్సు నుంచి కబురొచ్చింది.

మా నాయన సాయిలుకి రాయి చెవితో తెలుసు.
సుత్తితో ఒక్క దెబ్బేసి, తల వంచి వినేవాడు.
"రాయదుర్గం రాయి గంట లెక్క మోగుతది.
ఖాజాగూడది ముసల్ది, మాట దాస్తది.
నానక్‌రామ్‌గూడ రాయికి పొర దొరికిందా,
రొట్టె లెక్క విడిపోతది.
దొరకలేదా, ఉలి మొన ఇరగ్గొడ్తది."
మూడూళ్ళ నడుమ బండిబాట ఒక్కటే.
రాళ్ళు మా కంటికి ఒకటే.

పరీక్షరోజు మేడమ్ సీసాలకి గుడ్డలు చుట్టింది.
మొదటిది ఫ్లూరీ అన్నాను. తప్పు.
రెండోది మోర్గొన్ అన్నాను. అదీ తప్పు.
మూడోదాని దగ్గర కళ్ళు మూసుకుని
గ్లాసు అంచు మీద గోటితో కొట్టి విన్నాను.
గది గదంతా నవ్వింది.
మేడమ్ మాత్రం నవ్వలేదు.

మిగిలిన అడుగుబొట్లు మూడు దగ్గుమందు సీసాల్లో
పోసుకుని ఇంటికి తెచ్చాను, ఎవరికీ చెప్పకండి.
నాయన ఒక్కొక్కటే నాలికకి తగిలించాడు.
"పుల్లగుంది," అన్నాడు. "ఇదీ పుల్లగనే ఉంది.
దీనికన్న కల్లు నయం రా."
కాసేపాగి మూడో సీసా మళ్ళీ అందుకున్నాడు.
"ఇది మాత్రం రాయిల పెరిగింది."
అది ఏ ఊరిదో నాకూ తెలీదు.
అంటించిన చీటీలు ఆటోలోనే ఊడిపోయాయి.

"ఆ దేశంల రాయిని కొట్టరా మరి?"
కొట్టరు నాయనా, దాని మీద తీగ పెడతారు.
బీడీ లేని వేళ్ళని చాలాసేపు చూసుకున్నాడు.
"మేం కొట్టినం," అన్నాడు.

ఇప్పుడు రాయదుర్గం ఎక్కడ అయిపోయి
ఖాజాగూడ ఎక్కడ మొదలవుతుందో
రోడ్డు మీది పేరుపలకనే అడగాలి.
అద్దం గోడ మీద ఎక్కడ కొట్టినా
ఒకటే చప్పుడు.

ఎర్రగడ్డ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఎత్తి
వెలుతురుకి పట్టి చూసింది,
మేడమ్ గ్లాసు పట్టినట్టే, కాస్త వంచి.
లోపల తెల్లగా మబ్బులు.
"ఎక్కడ పనిచేశావు, పెద్దాయనా?"
"ఎక్కడెక్కడనో."
రాతి దుమ్ము, అని రాసుకుంది.
ఏ ఊరి రాయో అడగలేదు.

రాత్రి నాయన దగ్గుతుంటే
అడ్డగోడకి ఇవతల తల వంచి వింటాను.
ఇది రాయదుర్గం.
ఇది ఖాజాగూడ.
ఇది,
తెల్లారేదాకా వదలనిది,
పొర దొరకని రాయి.