మూడు రోజుల పీపా

బోయిన్‌పల్లిలో, మా మెట్ల కింద,
గ్యాస్ బండ జరిపిన జాగాలో
ఒక పీపా పడుకుంది.
ఇరవై లీటర్లు. వయసు పదకొండు రోజులు.
మీద తడి గోనెపట్టా, పక్కన టేబుల్ ఫ్యాను,
దారానికి కట్టిన థర్మామీటరు.
బయట మే నెల, నలభై రెండు.
లోపల ఐసు మార్చి మార్చి
పద్నాలుగు దగ్గర పట్టి ఆపుతున్నాను.
"పిల్లకి జ్వరమొచ్చిన రాత్రి కూడా
ఇన్నిసార్లు లేవలేదు నువ్వు"
అంది మా ఆవిడ, అటు తిరిగి.
నిజమే.

షెఫీల్డ్ ఆస్పత్రిలో రెండేళ్లు ఎక్స్‌రేలు తీశాను.
పొద్దంతా పరాయి ఎముకలు.
సాయంత్రం నా ఎముకల్లో చలి.
అక్కడి మొదటి గ్లాసు నచ్చలేదు:
చల్లగా లేదు, బుస్సుమనలేదు,
వానలో నానిన రొట్టె పెంకు, కాస్త నారింజ తొక్క,
చివర్న వేపపుల్ల నమిలినంత చేదు.
రెండో గ్లాసులో
పక్కవాళ్ల మాటలు అర్థమవడం మొదలైంది.

అక్కడ నేలమాళిగలో నార్మన్ అని ఒకాయన.
పీపాకి చెవి ఆనించి
"ఇంకా ఏదో చెప్తోంది, రేపు తీద్దాం" అనేవాడు.
గ్యాసుతో తోసిన బీరుని బీరనేవాడు కాదు, సోడా అనేవాడు.
కుళాయి కొట్టిన గంట నుంచీ
ఆయన లెక్క మూడు రోజులు.
తర్వాత అది ఎవరి మాటా వినదు.

ఇక్కడ బార్లో
సీసాకి చెమట పట్టకపోతే
వెయిటర్ సారీ చెప్తాడు.
"స్ట్రాంగా, లైటా సార్?"
నాలుక మొద్దుబారే చలిలో ఏదైతేనేం!
గ్లాసుని రెండరచేతుల్లో పెట్టి వెచ్చబెడుతుంటే
పక్క టేబులు కుర్రాడన్నాడు:
"అంకుల్‌కి జలుబు."

అందుకే అంతయ్య గౌడ్‌ని పిలిచాను.
కల్లు కాంపౌండ్ పెద్దమనిషి,
ఆయన తుంటి ఎముక నాకు బాగా తెలుసు.
తాటిచెట్టు మీంచి కాదు, స్కూటర్ మీంచి పడ్డాడు.
ఆ ముచ్చట వాడకట్టులో చెప్పొద్దని
ఎక్స్‌రే బల్ల మీదే ఒట్టు వేయించుకున్నాడు.

గుడాల డబ్బాతో వచ్చాడు.
సుత్తితో కుళాయి కొట్టాను.
సగం గోడకి, కొంత క్యాలెండర్‌కి, కొంత ఆయన ధోతీకి.
తుడుచుకోలేదు. పైన దిగ్గొట్టిన బిరడా పుల్లని
బొటనవేలితో నొక్కి చూశాడు.
"గిది గట్టిగుంది. ఊపిరాడ్తలేదు దానికి."
పక్కింటి సున్నాలోళ్ల నిచ్చెన కొసన
వేలెడు వెదురు చెక్కి, బెజ్జంలో పెట్టి,
చుట్టూ చిన్న నురగ లేచేదాకా
మోకాళ్ల మీద చేతులేసుకుని చూస్తూ కూచున్నాడు.

తాగాడు. బుగ్గన పట్టి ఉంచాడు.
"పొద్దుగాల గీసిన కల్లు గాదు.
పొద్దుమూకినంకటి కల్లు గాదు.
పగటి పన్నెండు గొట్టినప్పటిది."
మళ్లీ పోయమన్నాడు.
"దీన్ని మంట మీద వెట్టినవా?"
గంట సేపు మరిగించానన్నాను.
"పాపం" అన్నాడు. "మరిగినా మల్ల లేసింది."

మూడో రాత్రి కరెంటు పోయింది.
నాలుగు గంటలు.
గోనెపట్టా అట్టలా ఎండింది.
తెల్లారి గ్లాసులో చింతపండు.

ఫోన్లో అంతయ్య:
"పులిసిందా?"
"పులిసింది."
"మా దానికి ఒక్క పూటనే. నీకు మూడొద్దులిచ్చె.
ఇంకేం గావాలె?"

మిగిలింది మా ఆవిడ
నాకు చెప్పకుండా బజ్జీల పిండిలో కలిపింది.
ఆరు తిన్నాక చెప్పింది.

పీపా కడిగి డాబా మీద బోర్లించాను.
వెదురు పుల్ల మాత్రం పారెయ్యలేదు.
డ్యూటీలో, లైటార్పిన ఎక్స్‌రే గదిలో,
"ఊపిరి బిగబట్టండి" అని ఎవరికో చెప్తూ
జేబు తడిమితే తగులుతుంది.
ఇంకా కొంచెం తడిగా ఉంది.
"ఇక వదలండి" అంటాను.