వేలెడు సందు

గిరింపేటలో జిలానీ షెడ్డు.
బండిని జాకీల మీదికి లేపి, చక్రాలు ఊడబీకి
పాత కమాను కట్టను గోనెపట్టా మీద పరిచినాడు.
ఏడు పట్టీలు. నాలుగోది నడుమ విరిగి ఉంది.
విరిగిన చోట తుప్పు లేదు, మెరుపుంది.
"మొన్నా నిన్నా పోయింది అన్నా ఇది."
నాకు తెలుసు.
సోమవారం పొద్దుగూకినాక, కప్పలగుట్ట వాగులో
తొంభై క్రేట్ల టమాటాతో దిగినప్పుడు
నా వెన్నులోనే ఏదో టప్పుమనింది.

కొత్తవి తెచ్చి గోడకానించినాడు.
కోయంబత్తూరు గ్యాసు షాకబ్జర్లు, పచ్చరంగువి,
ముట్టుకుంటే ధర చేతికంటేటట్టుండాయి.
బండిని రెండంగుళాలు పైకి లేపే ఇనప దిమ్మెలు.
పది పట్టీల లారీ కమాను,
ఒక చివర లేపేసరికే నా భుజం గుంజింది.

పక్క గుంతలో బెంగళూరు నంబరు జీపు.
దాని పిల్లోడు నాలుగంగుళాలు లేపించుకుంటా ఉండాడు.
"యాడికి పోతావు నాయనా ఇంత ఎత్తున?"
"యాడికీ లేదంకుల్, చూడ్డానికి బాగుంటాది."
తప్పేముంది. నా మీసం మాత్రం యాడికి పోతాదని పెంచినా?

"పది పట్టీలదే వెయ్యి జిలానీ.
నూటిరవై క్రేట్లెత్తినా ఒంగకూడదు."
వాడు స్పానరు తుడుచుకుంటా అడిగినాడు,
"కొండ దిగేటప్పుడు సరే.
ఎక్కేటప్పుడు ఏముంటాది బండిలో?"
"ఏముంటాది, ఖాళీ"
అనేసి, నోరు మూసుకున్నా.

ఖాళీ అంటే
పొద్దు పొడవకముందు దారిలో ఎక్కే
కోతకూలి ఆడోళ్లు, పదకొండు మంది.
నాలుగు మడతలేసిన గోనెసంచులు, సద్దిక్యానులు,
రాయి తగిలినప్పుడల్లా ఒక్కసారే లేచి
ఒక్కసారే పడే పదకొండు నడుములు.
గెంగులమ్మ మాత్రం కమ్మీ పట్టుకోని
దారి పొడుగునా నిలబడే వస్తాది.
గాలి కోసరమనుకున్నా ఇన్నాళ్లూ.

నలిగిన కాయలకు మండీలో తరుగు తీస్తారు,
ఆ లెక్క పైసాతో సహా నా పుస్తకంలో ఉంది.

జిలానీ నేలమీద సుద్దముక్కతో గీసినాడు.
పైన అయిదు పట్టీలు, పలచనివి, విల్లులా వంపుతో.
అడుగున ఒకటి, దళసరిది, వంపే లేనిది.
దానికీ పైవాటికీ మధ్య
వేలు దూరేంత సందు.
"ఖాళీగా ఉన్నంతసేపూ ఇది దేనికీ ఆనదన్నా.
బరువు పడి పైవి ఒంగొస్తాయి చూడు,
అప్పుడు అడుగునుంచి పట్టుకుంటాది."

మా చెంగల్రాయులు మామ గుర్తుకొచ్చినాడు.
పండక్కి రాడు, పెండ్లికి రాడు,
పత్రిక పంపిస్తే ఉలుకూ పలుకూ ఉండదు.
పాడె లేపేటప్పుడు యాడినుంచి వచ్చింటాడో
నాలుగో భుజం ఆయనదే.

గ్యాసువి ముందర రెండిటికే చెప్పినా,
వెనక ఆయిలువి చాలు.
దిమ్మెలు వద్దు, నా బండి పొట్టిదే, ఉండనీ.
"సగం ఇప్పుడు. సగం ఆవు ఈనినాక."
జిలానీ నవ్వి, సుద్దతో గోడమీద
నా పేరుకు బదులు ఆవు బొమ్మ గీసుకున్నాడు.
బోల్టులు బిగించినాక అడుగున దూరి, వెల్లకిలా పడుకోని
ఆ సందులో నా చూపుడువేలు పెట్టి చూసుకున్నా.
గ్రీజు వాసన. చల్లటి ఇనుము. వేలు సరిపోయింది.

మర్నాడు తెల్లారుజామున వాగు దాటినాం.
"డీజిలు మార్చినావా?" అనడిగింది వెనకనుంచి ఎవరో.
అద్దంలో చూస్తి,
గెంగులమ్మ కూచోనుంది.
ఒళ్లో సంచి విప్పి, తమలపాకు తొడిమె తుంచి
వేలికొసతో సున్నం రాసుకుంటా ఉంది
ఆకు అంచులు దాటకుండా.
నేనేమీ చెప్పలేదు. గేరు మార్చినా.

సాయంత్రం నూరు క్రేట్లతో దిగతా
వాగు దగ్గర పాట ఆపేసి, రెండద్దాలూ దించి
చెవులు కిందికేసి విన్నా.
ముందు చక్రం దిగింది.
వెనక చక్రం దిగింది.
నీళ్ల చప్పుడు నడుమ, అడుగునెక్కడో
మెత్తగా, ఒకే ఒక్కసారి, టక్.

మామ వచ్చినాడు.