బదిలీవాడు

భావనపాడు ఐసు ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
నౌపడ ఉప్పు కరిగిన నీళ్ళలో
డబ్బాలు మెడల దాకా మునిగి గడ్డకడుతున్నాయి.
క్రషర్ పక్కన, బోర్లించిన చేపల ట్రే మీద
లకుముడి సెల్లు నిలబెట్టి ఉంది.

అందులో ఎక్కడో ఓ దేశం. పేరు మేం అడగలేదు.
స్టేడియం నేలంతా ఐసు.
"ఓలమ్మా, అంత ఐసూ ఒట్టినే పరిసీసినార్రా!"
మైలపల్లి కొర్లయ్య ధర కట్టడం మొదలెట్టాడు,
దిమ్మకింత చొప్పున.
లక్షలు దాటాక ఆపేశాడు.

బళ్ళొచ్చాయి.
చక్రాల నిండా మేకులు, వేలెడేసి.
మా క్రషర్ డ్రమ్ముకి హేండిలు తగిలించినట్టే ఉంది.
బ్రేకు లేదట. మలుపులన్నీ ఎడంకే.
ఎడం మోకాలికి పాత టైరుముక్క కట్టుకుని
దాన్ని ఐసుకి రాస్తూ
పడిపోతున్నట్టే ఒరిగి, పడకుండా.
నా కాళ్ళకేసి చూసుకున్నాను.
లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు,
జారకుండా అడుగున మూడేసి మేకులు,
నేనే కొట్టుకున్నవి.

"జట్టుకి ముగ్గురు.
ఇద్దరు తొక్కుతారు, మూడోవోడు బదిలీ"
అన్నాడు లకుముడు. ఇంటర్ తప్పాడు గానీ వాడికి తెలియనిది లేదు.
ఆ మాట వినగానే నేను ట్రేకి దగ్గరగా జరిగాను.
నాలుగేళ్ళుగా నా పనదే.
ఎవడికి జొరమొస్తే వాడి కొక్కెం నాది.
ఎవడికీ రాకపోతే గేటు దగ్గరో బీడీ, మళ్ళీ ఇల్లు.

కెమెరా వాణ్ణి ఒక్కసారే చూపించింది.
దుప్పటి కప్పుకుని, బకెట్ బోర్లించుకుని,
చేతులు చంకల్లో పెట్టి కూర్చున్నాడు.
పందేన్ని చూడట్లేదు. తన బండి మేకుల్ని చూస్తున్నాడు.
పిలుస్తారా అని కాదు,
పిలిస్తే ఎలా అని.

పసుపుటోపీ గడ్డిమోపుల్లోకి దూసుకుపోయి
లేవలేదు.
దుప్పటి జారింది.

ఆఖరి పందెం. మన జట్టుకి నాలుగు పాయింట్లు కావాలి.
మొదటోడికి మూడు, తర్వాత రెండు, ఒకటి, సున్నా.
తెల్లటోపీ ముందు. మనవాడు అందరికన్నా వెనక.
మనవాడెప్పుడయ్యాడో, అడక్కండి.
ముందు బళ్ళు చిమ్మే ఐసుపొడి వాడి మొహం నిండా.
క్రషర్ నోటి దగ్గర నిలబడ్డవాణ్ణి,
అది కళ్ళలో ఎలా గుచ్చుకుంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు.

బయట బోటు హారన్.
"లెగండెహె, సూరాడోళ్ళ బోటు! సేపలు ఆగుతాయేటి?"
ఒక్క సుట్టు, బావూ, ఒక్క సుట్టు.

అప్పుడు ముందున్న తెల్లటోపీ వెనక్కి చూశాడు.
బ్రేకుల్లేని బండి మీద, అంత జోరులో, వెనక్కి!
కాస్త వెడల్పుగా తిరిగాడు.
ఎర్రటోపీ, నీలంటోపీ జడిసి పక్కకి ఒరిగాయి.
లోపలివైపు జానెడు సందు.
ఆ సందులో టైరు కట్టిన మోకాలు.
నీలంటోపీ వెనకబడ్డాడు.

మనవాడు మూడోవాడుగా గీత దాటాడు.
మూడూ ఒకటీ నాలుగు.
అందరూ తెల్లటోపీని భుజాలకెత్తుకున్నారు.
ఓ మూల మనవాడు
మోకాలి టైరు విప్పుకుంటున్నాడు. ముడి రావట్లేదు.
అంతలో కొర్లయ్య సెల్లు బోర్లా పెట్టేశాడు.

డబ్బా ఒరిగింది, దిమ్మ జారింది.
గుమ్మం దగ్గర అది ఎడంకి తిరగాలి.
కొక్కెం వదిలేసి
మోకాలు ఆనించి ఒక్క తోపు తోశాను.
"నిమ్మళంగా గుంటడా, ఇది పందేం కాదు"
అంటూనే కొర్లయ్య తప్పుకుని దారిచ్చాడు.

తెల్లారి గుమస్తా మస్తరు తీశాడు.
బదిలీవాళ్ళకి అర వేయడం ఆయన అలవాటు.
నా చొక్కా చూశాడు, నీళ్ళోడుతోంది.
ఏమనుకున్నాడో
ఒకటి వేశాడు.

వేలు పెట్టి చూశాను.
సిరా అంటుకుంది.