అంచు

"ఉగాదికి నిమ్మకాయంత, మేడమ్.
గంగజాతరకు చీనీకాయంత.
ఇప్పుడు రవికే పట్టడంలే."
నొప్పి లేదంట. అందుకే
బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో
ఆఖరి తోతాపురి లారీ దిగేదాకా
కత్తి వదల్లేదు మొగిలమ్మ.

కిటికీలో తిరుమల కొండ.
నేను మైక్రోస్కోపులోకి వంగితే
గులాబిరంగు ఆకులు,
చీలికల్లోకి చొచ్చుకొచ్చిన ఆకులు.
ఫిలోడిస్.
చదువుకునేటప్పుడు పుస్తకంలో చూసింది,
ఈ బల్ల మీద రెండోసారి.
చీలుతున్న కణాలు లెక్కపెట్టాను: ఏడు.
మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.
మంచిదీ కాదు, చెడ్డదీ కాదు,
గట్టు మీద నిలబడింది.

చుట్టూ వేలి మందాన మంచి కండ కూడా తియ్యాలని
చెప్పలేక సర్జన్ నీళ్ళు నమిలాడు.
ఆమే అందుకుంది:
"మచ్చ వరకే కోస్తే
డబ్బా అంతా పులిసిపోతాది సార్.
నాకు తెలీదా!"

తీసిన గడ్డకు నల్లసిరా పూసి కోశాను.
సిరాకూ ఆకుకూ నడుమ స్కేలు పెట్టాను.
పన్నెండు మిల్లీమీటర్లు.
ఒక మూల మాత్రం తొమ్మిది.

ఆ తొమ్మిది దగ్గర
చాలాసేపు కూర్చున్నాను.
ఆరునెలలకొకసారి రావాలని
కింద గీత గీసి రాశాను.

వచ్చే సీజనుకు కత్తి పట్టొచ్చా అని
బయట బెంచీ మీద
ఆమె ఎవరినో అడుగుతోంది.