గడ్డికోత లెక్క

చివరి ఫైలు పంపేసరికి రాత్రి రెండున్నర.
నూట పద్దెనిమిది పేజీల లిఫ్టు మాన్యువల్,
జర్మన్‌లోంచి పోలిష్‌లోకి.
“తలుపులు మూసుకుంటుండగా చేయి అడ్డుపెట్టరాదు.”
తర్వాతి కాంట్రాక్టు అక్టోబరు మూడున.
మధ్యలో తొమ్మిది వారాలు,
ఎవరూ కొనుక్కోని వారాలు.

వ్రోత్స్వాఫ్‌లో గది తాళం ద్విగ్నాకిచ్చి
కిటికీలో తులసి బతికితే బతుకుతుంది
లేకపోతే లేదు అని చెప్పి బయల్దేరాను.
కాళ్ళు వెళ్ళిపోయాయి గానీ
వేళ్ళకి ఇంకా సెలవు సంగతి తెలీదు.
కుతైసి బస్టాండులో పుచ్చకాయ కొరుకుతూ కూడా
ఫోన్లో పనిగంటల గడియారం నొక్కాను.
పుచ్చకాయ, పదకొండు నిమిషాలు.
క్లయింటు పేరు? అని అడిగింది గడియారం.
గింజ ఉమ్మాను.

కొండమీది ఊరు. లమ్జీరా ఇంట్లో పైగది.
కిటికీ తెరిస్తే వెయ్యేళ్ళ రాతి బురుజు,
బురుజు నీడలో ఒక పంది, మహారాణిలా పడుకుని.
“ఏం పని చేస్తావు?” రష్యన్‌లో అడిగింది.
నా రష్యన్ కుంటుకుంటూ వెళ్ళి జవాబు చెప్పింది,
“రెండు పనుల మధ్య ఉన్నాను.”
“అంటే ఖాళీయేనా?”
“ఖాళీయే.”
లోపలికెళ్ళి
నా కన్నా పొడుగాటి చెక్క దంతె తెచ్చి చేతిలో పెట్టింది.

కోసేవాడు మూర్మాన్, ఆమె మరిది.
నిలబడి ఊపే కొడవలి, పది అంగలకోసారి ఆగి
ఆకురాయితో దాన్ని బుజ్జగిస్తాడు.
మాటల్లేవు.
నేను వదిలేసిన పోచల్ని గడ్డంతో చూపిస్తాడంతే.
ఆ ఏటవాలులో నిటారుగా నిలబడ్డమే సగం పని.
మధ్యాహ్నానికి అరచేతుల్లో నాలుగు బొబ్బలు.
పదకొండేళ్ళ కీబోర్డు మెడనే అడిగింది, చేతుల్ని కాదు.

మూడోరోజు, సమాధుల గుట్టమీద
ఒక్క గీత సిగ్నల్, ఒక్క ఉత్తరం.
ఏజెన్సీ అన్నెగ్రెట్:
“ఈసారి ఎస్కలేటర్లు. సోమవారం మొదలుపెట్టగలరా?
పదిహేను శాతం ఎక్కువిస్తాం. ఈరోజే చెప్పాలి.”

అద్దె. పన్ను. ఎడమ దవడకి వాయిదా వేసిన తొడుగు.
తీరిక అన్న మాటలో తీరడం ఉంది,
నాకేం తీరింది గనక?
“సరే” అని టైపు చేశాను.
పంపబోతుంటే
కింద వాలులోంచి మూర్మాన్ తొలిసారి నోరు విప్పాడు,
“పోలాండ్! ఏయ్ పోలాండ్!”
చేయి ఎత్తి హిమానీనదం వైపు చూపిస్తున్నాడు.
దాని నెత్తిన బొగ్గు రంగు మబ్బు.

పరుగెత్తాను.
పక్కింటివాళ్ళు, వాళ్ళ కోడలు, బడిపిల్లలిద్దరు,
నిన్నటిదాకా నాతో పలకని ముసలి గివీ,
అందరం ఎండిన గడ్డి మీద పడ్డాం.
ఎవరు ఎవరి వాముకి ఎత్తుతున్నారో ఎవరూ చూడలేదు.
తాడు విసిరితే పట్టుకున్నాను, లాగమంటే లాగాను.
ఆఖరి మోపుమీద టార్పాలిన్ కప్పి రాళ్ళు పెడుతుండగా
మొదటి చుక్క మెడమీద పడింది, నాణెంలా చల్లగా.

రాత్రి పొయ్యి పక్కన ఫోను ఆరబెట్టాను.
అది లేచేసరికి
“సరే” ఇంకా పెట్టెలోనే ఉంది.
పొద్దున ఎప్పుడు నొక్కానో, గడియారం మాత్రం
ఆరుగంటల నలభై నిమిషాలు తిరిగింది.
క్లయింటు పేరు?

వెళ్ళేరోజు లమ్జీరా నోటుపుస్తకం తీసింది.
పన్నెండు రాత్రులు, రొట్టెలు, జున్ను, ఒక సీసా చాచా.
పెన్సిల్ నాలికకి తడిచేసి
మూడు రాత్రులు కొట్టేసింది.
“వద్దు, వద్దు” అంటూ పేజీమీద చేయి పెట్టాను.
ఆమె నా వేళ్ళమీదే పుస్తకం మూసేసింది.
మాన్యువల్లో ముందే రాశాను కదా.

ఎస్కలేటర్లు ఇంకెవరికో వెళ్ళాయి.
తెలావిలో తెలిసింది, బూట్లు విప్పి గడ్డిగింజలు దులుపుతుంటే.
బాధ వెయ్యలేదంటే అబద్ధం.
ఎడమ దవడ పన్ను ఇంకో ఏడాది ఓర్చుకోవాలి.
ఈలోగా కుడివైపు నములుతాను.