మునగని మోకాలు

అబ్బాసియాలో, మూడో అంతస్తు ఫ్లాటులో
తలుపు కింద పాత దుప్పటి కుక్కి
నాకు బాప్తిస్మం ఇచ్చారు,
పిల్లలు ఆడుకునే నీలం రంగు గాలితొట్టిలో.
దాని మీద చేపల బొమ్మలు, నవ్వుతున్న ఎండ్రకాయ.

మా పాస్టరుగారు ఆరు రోజులు ఏసీలు బాగుచేస్తారు.
శుక్రవారమే మాకు ఆదివారం.
ఆయన చేతికి ఇంకా గ్యాసు వాసన.
"ఏసోబూ, వెనక్కి వాలు" అన్నారు.
నేనేమో తాడిచెట్టంత మనిషిని, తొట్టేమో మూరెడు లోతు.
తల మునిగింది, రొమ్ము మునిగింది,
కుడి మోకాలొక్కటి గోదాట్లో లంకలా పైన మిగిలిపోయింది.
ఆయన వంగి అరచేత్తో దాన్నీ అదిమారు.
చప్పట్లు. ఎవరో ఆడమనిషి ఏడ్చింది. బిర్యానీ పెట్టారు.

ఆ రాత్రి క్యాంపులో, పై మంచం మీద
నిద్రపట్టక దొర్లుతుంటే తట్టింది:
ఆ తొట్టిలో నీళ్ళు నా టాంకరువే.
పన్నెండు డబ్బాలు, లెక్కలో రాయనివి.
నన్ను కడిగిన నీళ్ళు కూడా దొంగనీళ్ళే.

ముందు నవ్వొచ్చింది.
తరవాత రాలేదు.
నీళ్ళ వెనకాలే డీజిలు గుర్తొచ్చింది.
మూడేళ్ళుగా షువైబా మలుపులో
టార్చి రెండుసార్లు వెలిగించే మనిషి,
నేను దించే పైపు, అతను మడిచి ఇచ్చే నోట్లు.
రాజోలు దగ్గర మా ఇంటి గోడలు
లింటెలు దాకా అలా లేచినవే.

క్షమాపణ దొరికిందని పాస్టరుగారు చెప్పారు.
దొరికింది. నమ్ముతున్నాను.
దొరికినవాడు అప్పు ఎగ్గొట్టొచ్చని మాత్రం
ఆయనా చెప్పలేదు, ఆయన ప్రభువూ చెప్పలేదు.

శనివారం పొద్దున్నే ఫోర్‌మాన్ నబీల్ గదికి వెళ్ళాను.
నీళ్ళ సంగతి చెబితే టీ పొలమారేలా నవ్వాడు.
"మాఫీ ముష్కిల్, పో, పని చూసుకో."
పోలేదు. డీజిలు చెప్పాను.
గ్లాసు కింద పెట్టాడు.
చాలాసేపు గదిలో ఏసీ ఒక్కటే మాట్లాడింది.
ఇంటికి పంపేస్తాడనుకున్నా, జైలేమో అనుకున్నా.
పెన్సిలు తీసి అట్టముక్క మీద లెక్కేశాడు:
నెలకు ఇరవై దినార్లు, ముప్పై నెలలు.
"ఎవరూ అడగలేదుగా, ఎందుకు చెప్పావు?" అన్నాడు.
నా అరబ్బీకి అంత జవాబు రాదు.
"నిన్న తడిశాను" అన్నాను.

ఫోన్లో రూతమ్మ "మరి శ్లాబు?" అంది.
"ఆగుద్ది."
కాసేపు ఊపిరి వినపడింది.
"వానల్లోపు తాటాకైనా వేయించాలిగా" అని పెట్టేసింది.
కోపమో ఒప్పుకోలో ఇప్పటికీ తెలీదు.

ప్రతి శుక్రవారం సాక్ష్యం చెప్పమంటారు.
జ్వరం తగ్గిన సంగతి చెప్పి కూర్చుంటాను.
ఇది చెప్పను, ఇంకా అయిపోలేదు కనక.
మలుపులో ఆ టార్చి ఇప్పటికీ రెండుసార్లు వెలుగుతుంది.
కుడికాలు దానంతటదే యాక్సిలరేటరు మీంచి లేస్తుంది.
అప్పుడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని
రెండో చేత్తో ఆ మోకాలిని అదుముతాను,
లోపలికి,
ఇంకొంచెం లోపలికి.