రేవు వయసు

కొల్లాపూర్ బస్టాండ్ వెనక నా ఫ్రేముల దుకాణానికి
గడీ సామాన్ల వేలంలో దొరికిందని
తహసీన్ మేడం ఒక అద్దం బొమ్మ పట్టుకొచ్చింది.
చెదలు తిన్న చట్రం ఊడదీస్తుంటే
"మెల్లగ కుర్మన్నా, అది చీనా దేశపు రేవు" అన్నది.

తెల్లటి కోఠీలు వరుసగ, నీళ్ల దిక్కు మొగం పెట్టి.
ముంగట జెండాలు, పడవలు,
గొడుగు కింద చెమట తుడుచుకుంటున్న ఒకడు.
సంతకం లేదు. సంవత్సరం లేదు.

ఆమె భూతద్దం పెట్టి ఇండ్లనే అడిగింది.
చర్చి శిఖరం ఇంకా లేవలేదు, అంటే ఫలానా ఏటికి ముందు.
చుక్కల జెండా ఎగురుతున్నది, అంటే ఫలానా ఏటికి తర్వాత.
ఈ వరండా స్తంభాలు మంటల్లో కాలిపోయినవేనా,
మళ్ల కట్టినవా?
అక్కడ ఆగింది. చాయ్ మీద మీగడ కట్టింది.
"ఇంకో చిక్కున్నది,
గీసినోడు పాత బొమ్మ చూసి గీసుంటే
ఇండ్ల వయసు వేరు, రంగు వయసు వేరు."

ఆమె పోయినంక షట్టరు సగం దించి
డ్రాయరు అడుగు నుంచి ఫోటో తీసిన.
మా ఊరి పుట్టి రేవు.
శ్రీశైలం నీళ్లు మింగక ముందటి కృష్ణ ఒడ్డు.
మా చిన్నాయన ఒక ఏడంటడు,
పుట్టి నడిపిన సవారన్న ఇంకో ఏడంటడు,
ఇద్దరూ కోపంగనే అంటరు.

నేను గోడల్ని అడిగిన.
కరెంటు స్తంభం ఉన్నది, తీగ లేదు.
బడి రేకులు కొత్తయి, కండ్లల్ల కొడుతున్నయి.
తాడు కట్టే రాతి గుంజకు సున్నం ఉన్నది.
మా ఇంటి గోడ మీద
నష్టపరిహారం సార్లు రాసిపోయిన ఎర్ర అంకె,
నూట పద్నాలుగు,
లేదు.
అంటే ఇంకా ఎవరూ మమ్మల్ని లెక్కపెట్టలేదు.
పిడకలు కొడుతున్న మా అక్కకు
అది ఉత్త గోడే.

పోయిన ఎండకాలం నీళ్లు తగ్గితే
సోమశిల కాడ పడవ మాట్లాడుకొని పోయిన.
బురదల మొండి గోడలు.
గుంజకు తాడు ఒరిసిన గాడి, నా బొటనవేలు పట్టేంత.
ఎర్ర అంకె కోసం శానాసేపు తిరిగిన.
నీళ్లు కడిగేసినయి.
ఇప్పుడెవరన్న ఫోటో తీస్తే
మేడం లెక్క ప్రకారం
మేమింకా ఆడనే ఉన్నట్టు.

చీనా రేవుకు టేకు వేసిన. మా రేవుకు మిగిలిన వేప ముక్కలు.
వెనక అట్ట మీద ఏడు రాయబోయి
పెన్సిల్ నాలుక మీద తడుపుకొని
"అంకెకు ముందు" అని రాసిన.